జాజ్ సెట్టుకి డబ్బిచ్చాను, కథకి ఇవ్వలేదు

పాత డ్రమ్ సెట్టు అమ్మేవాళ్లు ముందు చెక్క చూపించరు, కథ చెబుతారు. ఫలానా స్టూడియోలో మోగింది, ఫలానా పాటలో వినిపిస్తుంది, ఫలానా పెద్దాయన చెయ్యి పడింది అంటారు. కొనేవాడు ఆ కథలో పడి, షెల్, అంటే డ్రమ్ము చెక్క గొట్టం, గుండ్రంగా ఉందో లేదో చూడ్డం మానేస్తాడు. ధర కూడా చెక్కని బట్టి కాదు, కథని బట్టి పెరుగుతూ పోతుంది. ఇది మంచి పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. డబ్బు వాయిద్యానికి ఇవ్వాలి. కథకి రుజువు ఉంటే ఆ రుజువుకి ఇవ్వొచ్చు. రుజువు లేని కథకి రూపాయి కూడా ఇవ్వకూడదు. అలాగని కథని గాలికి వదిలేయమని కాదు. కొన్నాక దాని వెంట పడాలి, అడగాలి, దొరికినంతా రాసి పెట్టుకోవాలి. మొదటి పని చేసేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. రెండోది చేసేవాళ్లు మన దగ్గర మరీ తక్కువ.

ఈమధ్య నేనొక ప్రీమియర్ సెట్టు కొన్నాను. ఇంగ్లండు కంపెనీ అది. 1922లో లండన్‌లో మొదలైంది, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి ఫ్యాక్టరీ దెబ్బతిన్నాక లెస్టర్ వైపు తరలిపోయింది. నా దగ్గరికి వచ్చినవి కాలితో పెడల్ తొక్కి మోగించే ఒక బేస్ డ్రమ్ము, టామ్ అనే చిన్న డ్రమ్ము ఒకటి, నేల మీద నిలబెట్టే ఫ్లోర్ టామ్ ఒకటి, కింది తోలుకి తీగలు ఆని ఉండే స్నేర్ ఒకటి, సింబల్స్ అనే లోహపు పళ్లాలు రెండు. ఒక సింబల్ మీద జిన్ అని ముద్ర ఉంది. ప్రీమియర్ వాళ్లు తమ సింబల్స్‌కి పెట్టుకున్న పేరు అది. మన ఆర్కెస్ట్రాల వాళ్లు దీన్నంతా కలిపి జాజ్ అనే అంటారు, నాకూ ఆ మాటే అలవాటు.

నా సెట్టు సంగతికి ముందు, లోకంలో అన్నిటికంటే పేరున్న సెట్టు గురించి చెప్పాలి. కథకి ధర ఎప్పుడు కట్టొచ్చో దాన్ని చూస్తే తెలుస్తుంది.

1963లో బీటిల్స్ బ్యాండు డ్రమ్మర్ రింగో స్టార్ లండన్‌లో డ్రమ్ సిటీ అనే షాపుకి వెళ్లి, తన పాత ప్రీమియర్ సెట్టు ఇచ్చేసి, నల్లటి ముత్యపు పొర ఉన్న, అమెరికా కంపెనీ లడ్విగ్ సెట్టు తీసుకున్నాడు. షాపు యజమాని ఐవర్ ఆర్బిటర్. బీటిల్స్ పేరులో 'టి' అక్షరం కిందికి సాగి కనిపించే రాత ఉంది కదా, అది పుట్టింది ఆ షాపులోనే, ఆ బేస్ డ్రమ్ము కోసమే. ఆ సెట్టు 2015 డిసెంబరులో అమెరికాలో వేలానికి వస్తే 20 లక్షల డాలర్లు దాటి పలికింది. ఇండియానాపొలిస్ కోల్ట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి అప్పటి యజమాని జిమ్ ఇర్సే కొన్నాడు.

అయితే 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ షోలో, అమెరికాలో 7 కోట్లకి పైగా జనం టీవీల్లో చూసిన సెట్టు అది కాదు. రింగో ఇంగ్లండు నుంచి స్నేర్, సింబల్స్, కొత్తగా పేరు రాయించిన బేస్ డ్రమ్ము ముందు వైపు తోలు మాత్రమే తీసుకెళ్లాడు. మిగతాదంతా న్యూయార్క్‌లో ఏర్పాటు చేసిన ఇంకో లడ్విగ్ సెట్టు. ఆ రాత్రి కనిపించిన తోలు ఒక్కటే 2015లోనే విడిగా అమ్ముడుపోయింది. అదీ 20 లక్షల డాలర్లు దాటింది. చుట్టూ చెక్క లేదు, కింద పెడల్ లేదు, ఉత్త తోలు.

ఏది ఎప్పుడు ఎక్కడ మోగిందో ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలిగారు? ఫొటోల వల్ల. ముత్యపు పొర మీది చారలు, మచ్చలు ఏ రెండు డ్రమ్ములకీ ఒకేలా రావు. పాత ఫొటోలో టామ్ మీద ఒక చార ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో చూసి, ఎదురుగా ఉన్న డ్రమ్ముతో పోలిస్తే ఇదే అదో కాదో తేలిపోతుంది. ముందు తోలు మీద అక్షరాల సైజులో, వాటి మధ్య ఎడంలో ఉన్న తేడాలని బట్టి ఏ తోలు ఏ కచేరీదో కూడా విడదీశారు. అంత డబ్బు పెట్టిన వాళ్లు కథ విని పెట్టలేదు. ఆ పోలికల వెనక ఉన్న శ్రమని చూసి పెట్టారు. అలాంటి చోట కథకి ధర కట్టడంలో నాకు అభ్యంతరం లేదు.

ఇక మా బేరం. మధ్యవర్తి ఫోన్ చేసినప్పుడే, ఈ సెట్టు 1950ల్లో మద్రాసులో ఒక పెద్ద తెలుగు సినిమా పాట రికార్డింగులో మోగిందని చెప్పాడు. పాట పేరు కూడా చెప్పాడు, మీ అందరికీ తెలిసిన పాటే. సెట్టుకి ఎనభై వేలు, ఆ పాట ఉంది కాబట్టి ఇంకో లక్ష అన్నాడు. నిజంగా అలాగే విడదీసి చెప్పాడు, ఇందులో నా కల్పన ఏమీ లేదు. ఆ లక్షకి రుజువేంటి అంటే, "అందరికీ తెలిసిందే సార్" అన్నాడు.

సెట్టు ఒంగోలులో ఒక ఇంట్లో అటక మీద ఉంది. వాయించినాయన పోయి చాలా ఏళ్లయింది, కూతురు ఉంటున్నారు ఆ ఇంట్లో. కిందికి దించి వరండాలో పెట్టాక ముందు నేను చేసిన పని టేపు పెట్టి కొలవడం. షెల్‌ని ఒక వైపు నుంచి కొలిచి, అడ్డంగా తిప్పి మళ్లీ కొలవాలి. రెండు కొలతలూ ఒకటైతే చెక్క వంగలేదని అర్థం. తోలు ఆనే అంచు చుట్టూ వేలు నెమ్మదిగా తిప్పాలి, ఎక్కడైనా పల్లం తగిలితే శ్రుతి నిలవదు. లోపలికి టార్చి వేసి చూస్తే పలచని షెల్, దానికి పైనా కిందా బలంగా అంటించిన చెక్క రింగులు కనిపించాయి. ఫ్లోర్ టామ్‌లో ఒక రింగు కాస్త విడిపోయి ఉంటే, ఎవరో సైకిల్ ట్యూబు ముక్క కోసి, చుట్టూ జిగురు పెట్టి, సినిమా వాల్‌పోస్టరు కాగితంతో అంటించారు. పోస్టరు మీద హీరో కన్ను, సగం కనుబొమ ఇంకా కనిపిస్తున్నాయి. అంత జాగ్రత్తగా చేసిన మరమ్మతు అది, ఇప్పటికీ ఊడలేదు.

తర్వాత మామూలు 12 అంగుళాల ప్లాస్టిక్ తోలు ఒకటి టామ్ మీద పెట్టాను. దిగలేదు. షెల్ వెంట్రుకవాసి పెద్దదిగా ఉంది. మధ్యవర్తి ముఖంలో టెన్షన్ మొదలైంది. "చెక్క ఉబ్బింది సార్, ఎండలో పెడితే సర్దుకుంటుంది" అన్నాడు. ఉబ్బడం కాదది. ప్రీమియర్ వాళ్లు దాదాపు 1968 వరకు టామ్‌లు, స్నేర్‌లు తమ సొంత బ్రిటిష్ కొలతలో చేసేవాళ్లు. పేరుకి 12, 14 అనే ఉంటాయి కానీ ఇప్పటి తోళ్లు వాటికి పట్టవు. తర్వాతే అందరూ వాడే కొలతకి మారారు. బేస్ డ్రమ్ముకి ఈ తంటా లేదు. అంటే మధ్యవర్తి లోపం అనుకుని కంగారుపడిందే ఈ సెట్టు వయసుకి గట్టి సాక్ష్యం. ఆ సంగతి ఆవిడ ముందే చెప్పాను. వస్తువు విలువ అమ్మేవాళ్లకి తెలియాలి, తెలియనివాళ్ల దగ్గర తక్కువకి కొట్టేయడం నాకు ఇష్టం లేదు.

సినిమా పాట సంగతి కూడా ఆవిడనే అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయారు.

"మద్రాసు రికార్డింగులా? మా నాయన ఏనాడూ పోలేదు బాబూ. ఇది బిట్రగుంటలో దొరల దగ్గర కొనుక్కొచ్చాడు. వాళ్లు ఆస్ట్రేలియా ఎల్లిపోతా అమ్మేశారు. పాసింజరు బండిలో, గార్డు డబ్బాలో ఎక్కించుకొచ్చాడు. స్టేషన్ నుంచి రిక్షాలో తెస్తుంటే పిల్లలమంతా ఎనకమాల పరిగెత్తాం. నాకు బాగా గుర్తు."

మధ్యవర్తి ఏమీ అనలేదు. లక్ష కథ అక్కడితో పోయింది. నేను మొదట అనుకున్న ఎనభై వేలు ఆవిడ చేతికే ఇచ్చాను, ఆయన కమిషన్ విడిగా ఇచ్చాను.

నాకైతే ఆవిడ చెప్పిన కథ ఆ సినిమా కథకంటే ఎన్నో రెట్లు గొప్పగా అనిపించింది. బొగ్గు ఇంజన్ల కాలంలో బిట్రగుంట పెద్ద రైల్వే కాలనీ. లోకో షెడ్డు ఉండేది, డ్రైవర్లలో, ఫైర్‌మన్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. రైల్వే ఇన్‌స్టిట్యూట్ అంటే వాళ్లకి క్లబ్బు, డాన్స్ హాలు అన్నీ అదే. స్వాతంత్ర్యం వచ్చాక ఆ కుటుంబాలు కొన్ని ఇంగ్లండుకి, తర్వాత మరికొన్ని ఆస్ట్రేలియాకి వెళ్లిపోతూ వచ్చాయి. వెళ్లేవాళ్లు పియానో, గిటారు, డ్రమ్ములు ఓడ ఎక్కించలేరు కదా. 1991కి ముందు మన దేశంలోకి విదేశీ వాయిద్యం రావాలంటే లైసెన్సులు, సుంకాలు, ఎవరో బంధువు తేవడం, లేకపోతే మద్రాసు మౌంట్ రోడ్డు మీద మ్యూసీ మ్యూజికల్ లాంటి పెద్ద షాపుల ముందు నిలబడి అద్దంలోంచి చూడ్డం. ఇలాంటి పరిస్థితిలో ఒక జిల్లా పట్నం ఆర్కెస్ట్రా వాయిద్యకారుడికి మంచి సెట్టు దొరికే దారి ఇదొక్కటే. ఒకళ్లు దేశం వదిలి వెళ్తే ఇంకొకళ్లకి జాజ్ వచ్చింది.

ఇక్కడ ఒక మాట ఎవరైనా అనొచ్చు. రుజువు రుజువు అని పట్టుబట్టి ఆవిడకి రావలసిన లక్ష నువ్వే పోగొట్టావు కదా అని. ఆ సినిమా కథ ఆవిడది కాదు, మధ్యవర్తిది. ఆవిడకి తెలియకుండా ఆవిడ తండ్రి పేరు మీద పుట్టించింది. అలాంటి కథకి ఒకసారి డబ్బు పడిందంటే ఇక అదే నిలబడిపోతుంది. రేపు నేను అమ్మినా అదే చెప్పాలి, లేకపోతే నా లక్ష పోతుంది. నిజంగా జరిగిన బిట్రగుంట, గార్డు డబ్బా, రిక్షా వెనక పరిగెత్తిన పిల్లలు ఆ లెక్కలో ఎక్కడా కనపడకుండా పోతాయి. అబద్ధపు కథకి డబ్బిస్తే కొన్నవాడి జేబుకి నష్టం, అంతవరకే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు. అసలు వాయించినాయన జీవితం మొత్తం చెరిగిపోతుంది, నా బాధ అదీ.

ఆయన పగలు గ్యారేజీలో పని చేసేవాడు, రాత్రి పాటకచ్చేరి. శ్రీరామనవమి పందిళ్లు, వినాయక చవితి, దసరా, పెళ్లిళ్లు, క్రిస్మస్. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల దగ్గర స్టేజీ మీద తెల్లవార్లూ. ప్లాస్టిక్ తోళ్లు దొరక్క, దొరికినా ఈ కొలతకి పట్టక, ఊళ్లో డోలు కట్టే ఆయన చేత పాత రింగుకే జంతువు తోలు కట్టించేవాడట. ప్రపంచమంతా 1957 తర్వాత మైలార్ అనే ప్లాస్టిక్ తోలుకి మారిపోయింది, రెమో కంపెనీ మొదలైంది ఆ ఏడాదే. ఒంగోలులో మాత్రం ఈ ఇంగ్లండు డ్రమ్ము ఎన్నో ఏళ్లు తోలుతోనే మోగింది. వానాకాలం తోలు మెత్తబడిపోతే స్టేజీ వెనక కుంపటి పెట్టి, పాటకీ పాటకీ మధ్య స్నేర్ తీసుకెళ్లి కాచేవాళ్లమని ఆవిడ చెప్పారు. డప్పు వాయించేవాళ్లు మంట దగ్గర చేసేది ఇదే. లెస్టర్ దగ్గరి ఫ్యాక్టరీలో దీన్ని బిగించినవాడు ఆ దృశ్యం ఊహించి ఉండడు.

తర్వాత ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ వచ్చాయి. 1985లో రోలండ్ కంపెనీ ఆక్టాప్యాడ్ తెచ్చింది. మెల్లగా మన ఆర్కెస్ట్రాలన్నిటికీ అదే పాకింది. ఒక చిన్న పెట్టె, రెండు పుల్లలు, స్టాండు, అందులోనే డోలు, డప్పు, జాజ్, తబలా అన్నీ. జీపులో సగం చోటు మిగులుతుంది, మైకులు తగ్గుతాయి. "ప్యాడ్స్ వచ్చాక మా నాయన్ని పిలవడం తగ్గింది" అన్నారావిడ, అంతే. ఆయన ప్యాడ్స్ నేర్చుకోలేదా అంటే, నేర్చుకున్నాడు, కానీ ఇష్టపడలేదు అన్నారు. సెట్టు అప్పుడు అటక ఎక్కింది.

దీనికి ఎవరినీ తిట్టలేం. అసలు డ్రమ్ సెట్టు పుట్టింది కూడా అలాగే. ఒకప్పుడు బేస్ డ్రమ్ముకి ఒకరు, స్నేర్‌కి ఒకరు, సింబల్స్‌కి ఒకరు ఉండేవాళ్లు. 1909లో చికాగోలో విలియం లడ్విగ్, ఆయన సోదరుడు కలిసి వేగంగా తొక్కగలిగే పెడల్ చేసి అమ్మడం మొదలుపెట్టాక ఒక్కడే కూర్చుని అన్నీ వాయించడం తేలికైపోయింది, థియేటర్ల వాళ్లకి జీతాలు మిగిలాయి. ఆ ఒక్కడే మూకీ సినిమాలకి గుర్రపు డెక్కలు, ఉరుములు కూడా వాయించేవాడు. 1927 తర్వాత టాకీలు వచ్చి అతని పనీ పోయింది. కాబట్టి ప్యాడ్స్ మీద నాకు కోపం లేదు. నా కోపమంతా, అక్కడ ఎవరు ఎక్కడ వాయించారో పేర్లతో సహా రాసి పెట్టుకున్నారు, మనం పెట్టుకోలేదన్న దాని మీదే.

ఎందుకు పెట్టుకోలేదు? సినిమా పాట రికార్డు మీద గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు, రాసినాయన పేరు ఉండేవి. తాళం ఎవరిదో ఉండేది కాదు. బొంబాయిలో కావస్ లార్డ్, ఆయన కొడుకులు కెర్సీ, బుజీ దశాబ్దాల పాటు హిందీ పాటల్లో వాయించారు, వాళ్ల పేర్లే మామూలు శ్రోతల దాకా రావడానికి ఎంతో కాలం పట్టింది. ఇక ఒంగోలు ఆర్కెస్ట్రా జాజ్ వాయించినాయన పేరు ఎవరు రాస్తారు? దీనికి ఇంకో కారణం కూడా ఉంది, నేను దాన్ని దాచదలచుకోలేదు. మన దగ్గర తోలు వాయిద్యం ముట్టుకున్నవాణ్ణి ఎన్నో తరాలు ఊరి చివరే ఉంచాం. శుభానికీ అశుభానికీ అతని డప్పు కావాలి, అతని పేరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. జాజ్ వాయిద్యకారులు ఎంతోమంది ఆ పేటల నుంచీ, చర్చీల నుంచీ వచ్చినవాళ్లే. చిన్నచూపు కూడా వాళ్లతో పాటు స్టేజీ ఎక్కింది. రుజువులు లేకపోవడం వెనక బద్ధకం ఒక్కటే లేదు.

అందుకే రుజువు తయారు చేసుకోవడం కొన్నవాడి బాధ్యత అంటున్నాను. రింగో సెట్టుకి చేసిన పరీక్షే ఒంగోలు సెట్టుకీ చేయొచ్చు, అదే నేను చేశాను. ఆవిడ దగ్గర ఒక నలుపు తెలుపు ఫొటో ఉంది. స్టేజీ మీద ఆర్కెస్ట్రా, వెనక కట్టిన తెర, ముందు మైకు పట్టుకున్న గాయని, ఎడమ మూల జాజ్ వెనక పుల్లలు ఎత్తి పట్టుకున్న ఆయన. ఆ ఫొటోని దగ్గరగా తీసి, ఫోన్‌లో పెద్దది చేసి, బేస్ డ్రమ్ము పక్కన కూర్చుని చూస్తూ పోయాను. ఈ సెట్టు పొర బూడిద తెలుపు ముత్యం రంగు. బేస్ డ్రమ్ము బ్యాడ్జికి ఎడమ పక్కన, ఒక లగ్గుకి (తోలు బిగించే మర పట్టే లోహపు ముక్క) కాస్త పైన, కొడవలిలా వంగిన ముదురు చార ఒకటుంది. దాని కొస దగ్గరే సిగరెట్టు కాలిన చిన్న గుంట. ఫొటోలో ఆ చార ఉంది, అక్కడే ఉంది, అలాగే వంగి ఉంది. గుంట మాత్రం లేదు. అంటే ఫొటో తీశాకే సిగరెట్టు కాలింది. ఆయన సిగరెట్టు తాగేవాడు కాదని కూతురు అంటున్నారు కాబట్టి అది ఇంకెవరిదో.

ముందు తోలు మీద ఇంకా ఉంది. పైన తెలుగులో ఆర్కెస్ట్రా పేరు, పసుపు రంగు. దాని కింద అదే పేరు ఎర్ర రంగులో, వేరే పెయింటరు చేతిరాత. ఆ రెండిటి కిందా, పక్క నుంచి టార్చి వేసి చూస్తే ఉబ్బెత్తుగా ఇంగ్లీషు అక్షరాలు. డాన్స్ అన్న మాట చదవగలిగాను. ఆవిడ చెప్పిన బిట్రగుంట మాటకి ఇది బలమే కానీ పూర్తి రుజువు కాదు, ఊరి పేరు అందులో లేదు. నా నోట్‌బుక్కులో రెండు భాగాలు పెట్టుకున్నాను. నా కళ్లతో చూసి సరిపోల్చుకున్నవి ఒక వైపు, విన్నవి ఇంకో వైపు. ఒంగోలు ఫొటో మొదటి వైపు ఉంది. బిట్రగుంట ఇంకా రెండో వైపే ఉంది. సినిమా పాట కూడా రాశాను, ఎవరు చెప్పారో, ఎందుకు నిలవదో దాని పక్కనే రాశాను. రేపు ఇంకెవరైనా మళ్లీ ఆ పాట పేరు ఎత్తితే జవాబు అక్కడ ఉండాలి.

తెలిసినవాళ్లు చాలామంది ఈ పొర పీకేసి కొత్తది వేయించమన్నారు. ఇనుప భాగాలన్నీ క్రోమ్ చేయిస్తే షోరూములోంచి తెచ్చినట్టు ఉంటుందట. మంచి మనసుతోనే అన్నారు, వాళ్ల మాట కొట్టేయను. పొర బాగా చిరిగి, షెల్ మీద నిలవని స్థితిలో ఉంటే మార్చక తప్పదు. కానీ బాగున్న పొర పీకామంటే ఆ కొడవలి చార పోతుంది. ఆ తర్వాత ఏ ఫొటో ఎక్కడ దొరికినా ఇదే ఆ డ్రమ్మని చెప్పే దారి ఉండదు. తుప్పు ఆగేలా శుభ్రం చేశాను, మరలకి నూనె వేశాను, విడిపోయిన రింగుని సైకిల్ ట్యూబు కదపకుండానే మళ్లీ అంటించాను. ముందు తోలు ఊడదీసి గుడ్డలో చుట్టి భద్రం చేశాను, దాని బదులు కొత్తది వేశాను. టామ్‌కి, స్నేర్‌కి ఆ పాత కొలత తోళ్లు ఇంగ్లండు నుంచే తెప్పించాల్సి వచ్చింది. మామూలు వాటికంటే ఖరీదు, అయినా అనవసరపు ఖర్చు అనిపించలేదు.

ఎందుకంటే దీన్ని వాయించడానికే కొన్నాను. ఒక కాఫీ హోటల్ యజమాని గోడ వారగా పెట్టుకుంటానని, పైన దీపం వేయిస్తానని అడిగాడు, నేనిచ్చిన దానికి చాలా ఎక్కువే ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. చూపుకి పెట్టిన డ్రమ్ము ఎండిపోతుంది, మరలు పట్టేస్తాయి, తోలు సాగిపోతుంది. అంతకంటే ముఖ్యం, గోడ వారన పెట్టగానే దాని పక్కన ఒక అట్ట పెడతారు, ఆ అట్ట మీద కథ రాస్తారు. ఆ సినిమా పాట అక్కడికి చేరడానికి ఎంతో కాలం పట్టదు.

మోత ఎలా ఉందని అడుగుతారు. బేస్ డ్రమ్ము గుండెకి తగులుతుంది కానీ గది నిండా పరచుకోదు, చప్పున ఆగిపోతుంది. టామ్ కొట్టగానే శ్రుతి చివర కాస్త కిందికి జారుతుంది, పలచని షెల్‌కి ఆ గుణం ఉంటుంది. స్నేర్ గట్టిగా కొడితే అంత బాగోదు, మెల్లగా వాయిస్తేనే దాని అందం. మైకు లేని డాన్స్ హాల్లో, పాడేవాళ్ల గొంతు మింగేయకుండా వాయించడానికి ఇది సరిగ్గా సరిపోయి ఉంటుంది. కోటప్పకొండలో ఆ జనంలో, ఆ మైకుసెట్ల హోరులో ఆయన దీన్నెలా వినిపించేవాడో నాకు అర్థం కాలేదు. ఆవిడని అడిగితే, "చేతులు బొబ్బలెక్కేవి" అన్నారు.

ఆవిడకి నోట్‌బుక్కు నకలు ఇచ్చాను, ఫొటోలతో సహా. తండ్రి పేరు అందులో పూర్తిగా ఉంది. ఇక్కడ మాత్రం ఆవిడని అడగకుండా రాయను.

మిగిలింది బిట్రగుంట. 1960ల్లో అక్కడి ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకి వెళ్లిన కుటుంబాల ఫొటోలు పెర్త్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఏదో ఆల్బమ్‌లో ఉండే ఉంటాయి. అక్కడ ఉంటున్న మన తెలుగువాళ్లకి ఆ కుటుంబాలతో పరిచయం ఉంటే, పాత ఆల్బమ్ చూసే అవకాశం వస్తే, డాన్స్ బ్యాండు ఫొటోలో బేస్ డ్రమ్ము వైపు చూడండి. బ్యాడ్జికి ఎడమ పక్క, లగ్గుకి కాస్త పైన. చార కుడి నుంచి ఎడమకి కిందికి వంగుతుంది, కొస సన్నంగా ఉంటుంది. సిగరెట్టు గుంట కోసం వెతకొద్దు, అప్పటికి అది పడలేదు.